గచ్చు కింది నీళ్లు

మే నెల మధ్యాహ్నం అనంతపురంలో చాప తీసేసి వట్టి గచ్చు మీద పడుకుంటాం. రెడ్ల ఇల్లయినా సాయిబుల ఇల్లయినా అంతే. గచ్చు అనే మాట ఫార్సీ నుంచి వచ్చింది. పక్కనున్న నీళ్ల కూజా కూడా అక్కడి నుంచే. "మీరెక్కడి నుంచి వచ్చారు?" అని మమ్మల్ని అడిగేవాళ్లు రోజూ ఆ మాట మీదే నడుం వాలుస్తున్నారు.

నీళ్లను గొట్టాల్లో ఇంట్లోకి నడిపించడం దక్కనుకు పాత విద్య. కుతుబ్‌షాహీల గోల్కొండలో నీటిని చక్రాలతో అంచెలంచెలుగా పైకి తోడి, మట్టి గొట్టాల గుండా మహళ్లకూ ఫౌంటెన్లకూ పంపారు. అవి నేలను చల్లబరచడానికి వేసినవని చెప్పడం లేదు. కానీ కట్టడం లోపల నీరు నడిస్తే బతుకు చల్లగా ఉంటుందని వాళ్లకు తెలుసు. 1687లో ఔరంగజేబు ఆ కోటను పట్టుకున్నాడు. గెలిచినవాడూ ముస్లిమే, ఓడినవాడూ ముస్లిమే. గొట్టాలు కాల్చిన కుమ్మరి పేరు, సున్నం దంచిన కూలీ పేరు మాత్రం మనకు చెప్పిన చరిత్రలో లేవు.

మన పెనుకొండకు రండి. 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజుల రాజధాని అది. 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. అక్కడి గగన్ మహల్ కమాన్లలో సుల్తానుల కట్టడాల తీరు కనిపిస్తుంది. కత్తులు దూసుకున్నవాళ్లకు కూడా ఒకరి నీడ ఒకరికి అంటరానిది కాలేదు.

ఇక ఈ కాలం సంగతి. హైదరాబాద్ శివారు పోచారంలో ఇన్ఫోసిస్ 2011లో ఒక ఆఫీసు భవనం తెరిచింది. ఒక సగానికి మామూలు ఏసీ పెట్టారు. రెండో సగంలో స్లాబులోనే గొట్టాలు పొదిగి చల్లని నీళ్లు తిప్పారు. చల్లబరచడానికి ఈ సగానికి కరెంటు దాదాపు మూడో వంతు తక్కువ పట్టింది. కిటుకు చిన్నదే. వేడిని మోయడంలో గాలి కన్నా నీరు ఎన్నో రెట్లు మేలు. స్లాబు చల్లబడితే మన ఒంటి వేడిని అది లాక్కుంటుంది. నేల కింద వేసినా సూత్రం ఇదే. గాలిలో తేమ ఎక్కువుంటే చల్లని నేల చెమరుస్తుంది. ఏడాదికి సగటున దాదాపు 550 మిల్లీమీటర్ల వానే పడే మన పొడి అనంతపురంలో ఆ బెడద తక్కువ. కరువు చేసిన మేలు ఇదొక్కటేనేమో!

గొట్టాల్లో తిరిగేది అవే నీళ్లు, ఖర్చు కావు. కానీ వేడెక్కిన ఆ నీళ్లను మళ్లీ చల్లార్చాలి. మిషనుతో చల్లారిస్తే కరెంటు కావాలి. నీటిని ఆవిరి చేసి చల్లారిస్తే రోజూ కొంత నీరు పోతుంది. బోర్లు ఎండిన ఊళ్లో అది ఎవరి బిందెలోంచి పోవాలి? రాత్రి చల్లగాలికి డాబా మీది గొట్టాల్లో తిప్పి చల్లార్చుకునే దారి ఒకటుంది. పేదల ఇళ్లకు పనికొచ్చేది అదే.

చల్లదనం కోటలోంచి కంపెనీలోకి పోయింది. రేకుల కింద కుట్టుమిషను తొక్కే అమ్మీజాన్ దాకా, మగ్గం గుంతలో కూర్చున్న ధర్మవరం నేతగాడి దాకా రాలేదు. ముందు వాళ్ల నెత్తిన రేకు పోయి స్లాబు రావాలి. కాలనీ ఇళ్లకు ఆ స్లాబు పోసేటప్పుడు గొట్టం వేయడం తేలిక. పోసిన తర్వాత అడిగితే పగలగొట్టాల్సిందే. అడగాల్సింది కాంక్రీటు పడకముందే, అందరం కలిసే.