మిషిమా మిచిత్సునే: రహదారుల గవర్నర్

మిషిమా మిచిత్సునే (1835–1888) మేజీ చక్రవర్తి కాలంలో ఈశాన్య జపాన్‌లోనూ దాని పొరుగున ఉన్న తోచిగిలోనూ గవర్నరుగా పనిచేసి, టోక్యో పోలీసు అధిపతిగా ఉండగా కన్నుమూసిన పాలకుడు. కొండలు తొలిపించి రోడ్లు వేయించాడని అతన్ని ‘నిర్మాణాల గవర్నర్’ అన్నారు. ఆ రోడ్లకు ఊళ్లకు ఊళ్ల చేత వెట్టి చేయించి, కాదన్నవాళ్లను జైళ్లకు తోలాడని ‘రాక్షస గవర్నర్’ అన్నారు. రెండు పేర్లూ ఒకే పనికి వచ్చినవి.

మన రాజ్యాంగంలోని గవర్నరును మనసులో పెట్టుకుని ఈ చరిత్ర చదివితే సగం అర్థం కాదు. 1871లో జపాన్ ప్రభుత్వం పాత సంస్థానాలను రద్దు చేసి దేశాన్ని ప్రిఫెక్చర్లుగా విడగొట్టింది. వాటి అధిపతులను ప్రజలు ఎన్నుకునేవాళ్లు కాదు, టోక్యో నుంచే నియమించేవాళ్లు. పోలీసులు, పన్నులు, బడులు, రోడ్లు అన్నీ గవర్నరు గుప్పిట్లో ఉండేవి. బ్రిటిష్ కాలపు జిల్లా కలెక్టరు దర్జాతో పోల్చితే ఆ పెత్తనం కొంత అంచనాకు వస్తుంది. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 1868 నాటి అంతర్యుద్ధంలో గెలిచింది నైరుతి దిక్కున ఉన్న సత్సుమా, చోషూ సంస్థానాలవాళ్లు. ఓడినవాళ్లలో ఈశాన్యంలోని ఐజు, షోనాయ్, యోనెజావా ఉన్నాయి. మిషిమా సత్సుమా మనిషి. అతను గవర్నరుగా వెళ్లిందేమో ఓడినవాళ్ల గడ్డకు.

తిరుగుబాటుదారులను అణచడంలో పేరు మోసిన ఈ మనిషి రాజకీయాల్లోకి వచ్చింది తిరుగుబాటుదారుడిగానే. 1862లో క్యోటో దగ్గరి ఫుషిమిలో తెరదాయా అనే సత్రంలో కొందరు సత్సుమా సమురాయ్‌లు అప్పటి సైనిక పాలకుడైన షోగున్ ఏలుబడి మీద దాడికి పథకం వేసుకుంటుంటే, సొంత సంస్థానమే మనుషులను పంపి వాళ్లను నరికించింది. ఆ ముఠాలో మిషిమా ఉన్నాడు. ప్రాణాలతో బయటపడి గృహనిర్బంధం అనుభవించాడు. తర్వాత మియాకోనోజో ప్రాంతానికి అధికారిగా వెళ్లి ఊరు బాగుచేసి చూపించాడు. సత్సుమా నాయకుడూ కొత్త ప్రభుత్వపు మూలస్తంభమూ అయిన ఒకుబో తోషిమిచి చల్లని చూపు పడి 1871లో టోక్యో నగర పాలనలో ఉద్యోగం దొరికింది. మరుసటి ఏడు పెద్ద అగ్నిప్రమాదంలో గింజా పేట కాలిపోతే, దాన్ని ఇటుక భవనాలతో తిరిగి కట్టే పనిలో అతనికీ భాగం ఉంది. కొత్త రాజ్యం కంటికి కనిపించాలంటే ఇటుకా రాయీ కావాలన్న నమ్మకం అక్కడే గట్టిపడి ఉంటుంది.

1874 చివర్లో అతన్ని సకాతా ప్రిఫెక్చరుకు పంపారు. పాత షోనాయ్ సంస్థానమే అది. అక్కడ రైతులు రగిలిపోతున్నారు. పన్ను బియ్యంగా కాక డబ్బుగా కట్టవచ్చని కేంద్రం చెప్పినా, స్థానిక అధికారులు ఆ మాట దాచి బియ్యమే వసూలు చేసి లాభం చేసుకున్నారు. ఎక్కువగా లాక్కున్న సొమ్ము తిరిగివస్తే మనిషికో ‘వప్పా’ నిండుతుందని ప్రచారం సాగింది. వప్పా అంటే చెక్కతో చేసిన సద్ది డబ్బా. అందుకే దీనికి వప్పా అలజడి అని పేరు. మిషిమా వచ్చీరాగానే నాయకులను పట్టించి గొడవను అణచివేశాడు. అయితే రైతులు కోర్టుకెక్కారు, 1878లో కొంత సొమ్ము తిరిగి ఇవ్వమని తీర్పు వచ్చింది. అంటే గొడవ చేసినవాళ్ల వైపు న్యాయం ఉందని కోర్టే ఒప్పుకుంది. మిషిమా మాత్రం అప్పటికి ఇంకా పెద్ద కుర్చీలో ఉన్నాడు.

1876లో మూడు ప్రిఫెక్చర్లను కలిపి యమగాతా ఏర్పరచి, మిషిమాను దానికి మొదటి గవర్నరును చేశారు. అతని పేరు నిలిచిపోయే పనులు ఎక్కువగా ఇక్కడే జరిగాయి. యమగాతా చుట్టూ కొండలు, చలికాలమంతా మంచు. బియ్యం, పట్టు బయటికి పోవాలంటే మోగామి నదిలో పడవల మీద జపాన్ సముద్రం దాకా పోయి, చుట్టు తిరిగి రావాలి. తూర్పున ఫుకుషిమా వైపు కొండ దాటితే టోక్యోకు పోయే దారి దొరుకుతుంది. కానీ ఉన్న కనుమ దారి మనుషులకూ గుర్రాలకే తప్ప బండ్లకు పనికిరాదు. మిషిమా కురికో కొండను తొలిచేయమన్నాడు. 1876 చివర్లో పని మొదలైంది. సొరంగం పొడవు దాదాపు 870 మీటర్లు, ఆనాటి జపాన్‌లో అంత పొడవైనది లేదు. అమెరికా నుంచి రాయి తొలిచే యంత్రం తెప్పించారు. సలహా చెప్పినవాళ్లలో డచ్ ఇంజనీరు జార్జ్ ఎషర్ ఒకడు. ఎక్కినా దిగినా ఒక్కచోటికే చేరే మెట్ల బొమ్మలతో తర్వాతి రోజుల్లో లోకాన్ని తికమకపెట్టిన చిత్రకారుడు ఎషర్‌కు ఇతను తండ్రి. 1880లో రెండు వైపుల నుంచీ తవ్వుకొచ్చినవాళ్లు కలుసుకున్నారు. 1881 అక్టోబరులో స్వయంగా మేజీ చక్రవర్తి వచ్చి దారిని ప్రారంభించాడు. తర్వాత దానికి ‘బన్సెయ్ తైరో’ అని పేరు పెట్టాడు. తరతరాల మహామార్గం అని అర్థం.

కట్టడాలూ తక్కువేం కాదు. యమగాతా ఊరి నడుమ పడమటి పద్ధతిలో ప్రిఫెక్చర్ కచేరీ, పోలీసు కార్యాలయం, బడి వరసగా లేచాయి. 1878–79 నాటి సైసైకాన్ ఆసుపత్రి వీటన్నిటిలో వింతది. లోపల వసారాలు గుండ్రంగా తిరుగుతాయి, ముందు భాగంలో అంతస్తుల మీద అంతస్తులుగా బురుజు లేస్తుంది. యూరపును బొమ్మల్లో చూసిన వడ్రంగులు తమ చేతి అలవాటు కొద్దీ కట్టినట్టుంటుంది. అక్కడ వైద్యం నేర్పడానికి ఆస్ట్రియా డాక్టరు ఆల్‌బ్రెక్ట్ ఫాన్ రోరెట్జ్‌ను రప్పించారు. ఈ కొత్త ఊరిని నూనె రంగుల్లో గీయమని తకహాషి యూఇచికి పని అప్పగించారు. జపాన్‌లో పడమటి చిత్రకళకు పునాది వేసినవాళ్లలో అతను ముఖ్యుడు, వేలాడదీసిన సాల్మన్ చేప బొమ్మతో పేరు తెచ్చుకున్నవాడు. తర్వాత మూడు ప్రిఫెక్చర్లలో మిషిమా వేయించిన రోడ్లన్నిటినీ అతనే తిరిగి చూసి బొమ్మలు గీశాడు, వాటిని అచ్చు వేశారు. చేసిన పనికి సాక్ష్యం కూడా తానే తయారుచేయించుకోవాలని మిషిమాకు తెలుసు.

1878 వేసవిలో ఇంగ్లిష్ యాత్రికురాలు ఇసబెల్లా బర్డ్ ఈ దారిన వచ్చింది. అంతకుముందు వారాల తరబడి బురద దారుల్లో గుర్రం మీద ఒళ్లు హూనమైన మనిషి. యమగాతాలో వెడల్పాటి రోడ్డు, రాతి వంతెన కనిపించేసరికి ఆమెకు ప్రాణం లేచివచ్చింది. ఆ మెప్పుతోపాటు, రోడ్డు పని చేస్తున్నది ఎర్ర కిమోనోలు తొడిగిన ఖైదీలని కూడా ఆమె రాసింది.

1882 మొదట్లో ఫుకుషిమా కూడా అతని చేతికి వచ్చింది. అక్కడ యమగాతాలో లేని చిక్కు ఎదురైంది. ప్రజాస్వామ్య హక్కుల ఉద్యమానికి ఫుకుషిమా గట్టి కోట. ఎన్నికైన ప్రిఫెక్చర్ సభకు అధ్యక్షుడు కోనో హిరోనకా, జియుతో అనే లిబరల్ పార్టీ నాయకుడు. తన హయాంలో దొంగలను, ఇళ్లు తగలబెట్టేవాళ్లను, జియుతో వాళ్లను తలెత్తనీయనని మిషిమా అన్నట్టు చెప్పుకుంటారు. అలా అన్నా అనకపోయినా, అతని నడత అదే.

ఐజు వాకమత్సు నుంచి ఉత్తరాన యోనెజావాకు, పడమట నీగతాకు, దక్షిణాన తోచిగికి మూడు రోడ్లు వేయాలని అతను ప్రణాళిక గీశాడు. ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? ఐజు ప్రాంతంలోని ఆరు తాలూకాల్లో 15 నుంచి 60 ఏళ్ల లోపు ఆడా మగా అందరూ రెండేళ్లపాటు నెలకో రోజు పనికి రావాలి. రాలేనివాళ్లు రోజుకు మగవాళ్లయితే 15 సెన్లు, ఆడవాళ్లయితే 10 సెన్లు కట్టాలి. వంద సెన్లు ఒక యెన్ అయిన రోజుల్లో పేద కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు. పైగా రోడ్డు ఎటు పోవాలో రైతును అడిగినవాడు లేడు. మేలో సభ సమావేశమైతే గవర్నరు అటువైపు తొంగి కూడా చూడలేదు. కోపం వచ్చిన సభ అతను పంపిన ప్రతిపాదనలన్నిటినీ తిప్పికొట్టింది. మిషిమా హోంశాఖ నుంచి అనుమతి తెచ్చుకుని అదే బడ్జెట్టును అమలు చేశాడు. సభకు ఉన్న అసలు విలువ ఎంతో దాంతో తేలిపోయింది.

ప్రతిఘటన ఊళ్లలోకి దిగింది. రైతులు కోర్టులో దావా వేయడానికి సంతకాలు కూడగట్టారు. సొమ్ము కట్టనివాళ్ల సామాన్లను అధికారులు వేలం వేశారు. పాత ఐజు సమురాయ్‌లలో ప్రభుత్వ పక్షం వహించినవాళ్లు లిబరల్ నాయకుల మీద చేయి చేసుకున్నారు. నవంబరు 28న నాయకుల అరెస్టులకు నిరసనగా కొన్ని వేలమంది రైతులు కితకాతా పోలీసు స్టేషను ముందుకు వచ్చారు. రాళ్లు పడ్డాయి, పోలీసులు కత్తులు దూశారు. ఇదే ఫుకుషిమా ఘటన. ఆ తర్వాత దాదాపు రెండు వేలమందిని పట్టుకున్నారు. కోనోకు కితకాతా గుంపుతో నేరుగా సంబంధం లేదు. అయినా ప్రభుత్వాన్ని కూలదోయడానికి ప్రమాణపత్రం రాసుకున్నాడన్న అభియోగంతో 1883లో ఏడేళ్ల శిక్ష వేశారు, మరో అయిదుగురికి ఆరేసి ఏళ్లు. రోడ్లు మాత్రం అనుకున్నట్టే 1884లో పూర్తయ్యాయి.

1883లో తోచిగి కూడా అదనంగా అతని కిందికి వచ్చింది. వచ్చిన కొద్ది నెలలకే రాజధానిని తోచిగి పట్నం నుంచి ఉత్సునోమియాకు మార్చేశాడు, అక్కడ కొత్త కచేరీ కట్టించాడు. ఆ కచేరీ ప్రారంభోత్సవంలో బాంబులు వేసి మిషిమాను, వచ్చే మంత్రులను చంపాలని కొందరు యువకులు పథకం వేశారు. ఫుకుషిమాలో దెబ్బతిన్నవాళ్లు వాళ్లలో ఎక్కువ. పథకం బయటపడటంతో 1884 సెప్టెంబరులో పదహారుమంది కాబా కొండెక్కి తిరుగుబాటు జెండా ఎగరేశారు. కొద్ది రోజుల్లోనే అది చెదిరిపోయింది. ఏడుగురికి మరణశిక్ష పడింది. హత్యకు సిద్ధపడ్డవాళ్లను వీరులుగా చూపడం సరికాదు. కానీ సభలో మాట్లాడే దారి మూసేస్తే ఏమవుతుందో ఫుకుషిమా నుంచి కాబా కొండ దాకా ఉన్న రెండేళ్లే చెబుతాయి. అదే సమయంలో మిషిమాను ఎదిరించి జైలుకు పోయిన తోచిగి సభ్యుడు తనకా షోజో. తర్వాతి కాలంలో అషియో రాగి గని విషజలాల మీద పోరాడి, 1901లో చక్రవర్తి బండికి ఎదురెళ్లి అర్జీ ఇవ్వబోయిన మనిషి అతనే.

రోడ్లు వేసిన గవర్నరుకు సొంత భూమి కూడా ఉండేది. తోచిగిలో నీళ్లు లేని నాసు మైదానంలో 1880లో అతని కుటుంబమూ అనుచరులూ కలిసి ప్రభుత్వం నుంచి బీడు తీసుకుని వ్యవసాయ క్షేత్రం పెట్టారు. అక్కడికి 1885లో నాసు కాలువ వచ్చింది, అతను వేయించిన దారీ ఆ పక్కగానే పోయింది. ఇది ఒక్క మిషిమా సంగతి కాదు. నాసులో మేజీ పెద్దలు చాలామందికి ఇలాంటి క్షేత్రాలు ఉండేవి.

1885 డిసెంబరులో అతను టోక్యో పోలీసు అధిపతి అయ్యాడు. రెండేళ్లు తిరిగేసరికి, 1887 డిసెంబరు 25న ప్రభుత్వం శాంతిభద్రతల ఆజ్ఞ జారీచేసింది. అల్లరి చేస్తారని అనుమానం ఉన్నవాళ్లను చక్రవర్తి భవనానికి మూడు ‘రీ’ల, అంటే దాదాపు పన్నెండు కిలోమీటర్ల దూరం లోపల లేకుండా మూడేళ్ల దాకా వెళ్లగొట్టే అధికారం అది. విచారణ లేదు. మిషిమా పోలీసులు కొద్ది రోజుల్లోనే సుమారు 570 మందిని ఊరు దాటించారు. రచయిత నకాయె చోమిన్, ఓజాకి యుకియో, హోషి తోరు వాళ్లలో ఉన్నారు. ఆ ఏడే మిషిమాకు వైకౌంట్ బిరుదు దక్కింది. 1888 అక్టోబరు 23న పదవిలో ఉండగానే 53వ ఏట చనిపోయాడు.

అతని వంశం అధికారానికి దగ్గరగానే సాగింది. పెద్దకొడుకు యతారో బ్యాంక్ ఆఫ్ జపాన్ గవర్నర్ అయ్యాడు. చిన్నవాడు యహికో 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పరుగెత్తాడు. జపాన్ మొట్టమొదటి సారి ఒలింపిక్స్‌కు పంపిన ఇద్దరు ఆటగాళ్లలో అతనొకడు. కూతురు మినెకో భర్త మకినో నొబుఆకి, ఒకుబో తోషిమిచి కొడుకు. వాళ్ల అల్లుడు యోషిదా షిగెరు, ఆ యోషిదా మనుమడు అసో తారో, ఇద్దరూ ప్రధానమంత్రులయ్యారు. జైలుకు పంపిన కోనో కూడా వెనకబడిపోలేదు. 1889లో రాజ్యాంగం వచ్చినప్పటి క్షమాభిక్షతో విడుదలై, 1903లో జపాన్ పార్లమెంటు దిగువసభకు స్పీకరయ్యాడు.

కురికో సొరంగం వైభవం ఎంతోకాలం నిలవలేదు. 1899లో ఫుకుషిమా–యోనెజావా రైలు రావడంతో బండ్ల రాకపోకలు పడిపోయాయి. 1930లలో మోటారు బండ్ల కోసం దాన్ని తిరిగి తీర్చిదిద్దారు, 1966లో కొత్త రహదారి రాగానే వదిలేశారు. సైసైకాన్‌ను కోట పార్కులోకి తరలించి మ్యూజియం చేశారు. మిషిమా దాచుకున్న కాగితాలు టోక్యోలోని జాతీయ పార్లమెంటు గ్రంథాలయంలో ఉన్నాయి. లిబరల్ పార్టీ వాళ్ల మీద వేగులు అతనికి రాసి పంపిన నివేదికలు వాటిలో ఎన్నో. హక్కుల ఉద్యమ చరిత్ర రాసేవాళ్లు నేటికీ వాటినే తిరగేస్తారు.