సముద్రం లేని ఊరికి రేవు: వైట్‌ఫీల్డ్ నుంచి చెన్నై హార్బర్ దాకా గూడ్సు బండి

బెంగళూరుకు సముద్రం లేదు. దగ్గర్లో ఉన్న పెద్ద రేవు చెన్నై. వైట్‌ఫీల్డ్ నుంచి పట్టాల మీద సుమారు 340 కిలోమీటర్లు. అయినా కస్టమ్స్ కాగితాల్లో మన ఊరు రేవు పట్టణంతో సమానమే. ఇక్కడ తనిఖీ చేసి సీలు వేసిన పెట్టె చెన్నైలో మళ్లీ విప్పకుండానే ఓడెక్కుతుంది. ఓడ దిగిన పెట్టె కూడా సీలు చెదరకుండా వైట్‌ఫీల్డ్‌కు వచ్చి ఇక్కడే సుంకం కట్టించుకుంటుంది. దీన్నే డ్రై పోర్టు అంటారు. పర్పుల్ లైను మెట్రోలో కాడుగోడి దాకా వెళ్లేవాళ్లు స్టేషను దగ్గర వరసగా పేర్చిన రంగురంగుల ఇనుప పెట్టెలను చూసే ఉంటారు. ఆ పెట్టెలు ఎలా వచ్చాయి, వాటిని మోసే గూడ్సు బళ్లు ఎందుకు పెరిగాయి, లారీలు వాటి పనిని ఎందుకు లాక్కుంటున్నాయి అన్నది తెలుసుకోవలసిన సంగతి. ఎందుకంటే కోలారు, మాలూరు, హోస్కోటె, కుప్పం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మన ఇళ్లలో చాలావాటికి ఈ లైనుతో ఏదో ఒక లంకె ఉంటుంది.

లైను పుట్టుక

దక్షిణాదిలో మొదటి ప్రయాణికుల బండి 1856 జూలై 1న మద్రాసు రాయపురం నుంచి ఆర్కాటు వైపు నడిచింది. రాయపురం స్టేషను సముద్రపు ఒడ్డునే ఉంది. అంటే మద్రాసు రైల్వే మొదలైనదే రేవు పక్కన. చిత్రమేమిటంటే అప్పటికి అక్కడ సరైన రేవే లేదు. ఓడలు దూరంగా లంగరు వేసుకుంటే, కొబ్బరి పీచు తాళ్లతో పలకలను కుట్టిన మసూలా పడవల్లో అలల మీదుగా సరుకు చేరవేసేవారు. 1861లో ఇనుప వంతెన ఒకటి సముద్రంలోకి కట్టారు. ఆ తర్వాత మొదలైన హార్బరు గోడలను 1881 తుపాను పడగొట్టింది. రైలు ముందు, రేవు తర్వాత అన్నమాట.

జోలార్‌పేట నుంచి బెంగళూరు కంటోన్మెంటుకు లైను 1864 ఆగస్టు 1న తెరుచుకుంది. మనవాళ్లు ఇప్పటికీ 'దండు స్టేషను' అనే స్టేషను ఇదే. పేరులోనే దాని ప్రయోజనం ఉంది. సైన్యానికి మనుషులు, సామాను చేరవేయడం మొదటి అవసరం, వ్యాపారం వెంట వచ్చింది. ఈ దారిలో జోలార్‌పేట తమిళనాడులో ఉంది, కుప్పం, గుడుపల్లె ఆంధ్రలో ఉన్నాయి, ఆపైన బంగారపేట కర్ణాటకలో ఉంది. చెన్నై రేవుకు పోయే మన ఊరి ప్రతి పెట్టె ఆ కాస్త తెలుగు నేల మీదుగానే పోతుంది. సముద్ర మట్టం నుంచి దాదాపు 900 మీటర్ల ఎత్తుకు ఎక్కాలి కాబట్టి, వచ్చే బండికి బరువు, పోయే బండికి వాలు.

ఈ ప్రధాన లైనుకు సరుకు కోసమే పుట్టిన కొమ్మ ఒకటుంది. అప్పట్లో బౌరింగ్‌పేట అనే బంగారపేట నుంచి మారికుప్పం దాకా 1894లో వేసిన లైను అది. కోలారు బంగారు గనులకు యంత్రాలు, బొగ్గు, కట్టె, కలప అన్నీ దాని మీదే చేరాయి. 1902లో శివనసముద్రం కరెంటు గనులకు వచ్చాక బొగ్గు, కట్టె అవసరం తగ్గింది. 2001 ఫిబ్రవరి 28న గనులే మూతపడ్డాయి. సరుకు పోయింది గానీ లైను పోలేదు. ఇప్పుడది తెల్లవారకముందే కేజీఎఫ్ నుంచి బెంగళూరుకు పనికి వచ్చే మనుషులను మోస్తోంది. బంగారం తవ్విన తెలుగు, తమిళ కుటుంబాల పిల్లలూ మనవలూ ఆ బళ్లలో ఉన్నారు. గూడ్సు కోసం పుట్టిన లైనుకు ఇంతకన్నా మంచి రెండో జన్మ మాకు తెలిసినంతలో మరొకటి లేదు.

పడమటి వైపు కథ వేరు. మైసూరుకు 1880ల్లో వేసింది మీటరు గేజి, మద్రాసు వైపు ఉన్నది బ్రాడ్ గేజి. రెండు కొలతల పట్టాలు బెంగళూరులో కలుసుకునేవి గానీ బళ్లు కలవలేవు. ఒక వ్యాగన్లోంచి దించి ఇంకో వ్యాగన్లోకి ఎక్కించాల్సిందే. హమాలీలకు అది బతుకుతెరువు, వ్యాపారికి అది అదనపు ఖర్చు, బస్తాకు అది ఇంకో చిరుగు. 1990ల్లో గేజి మార్పిడి ఊపందుకునేదాకా ఈ ఊళ్లో సరుకు రవాణాకు ఇదే పెద్ద అడ్డంకి.

పెట్టె వచ్చింది

సరుకు నింపిన ఇనుప పెట్టెను పెట్టెగానే లారీ మీదికీ ఓడ మీదికీ మార్చే పద్ధతి 1956లో అమెరికాలో మొదలైంది. మాల్కం మెక్లీన్ అనే లారీల యజమాని ఆ ఏడాది ఏప్రిల్లో 58 పెట్టెలను ఒక ఓడ మీద పంపించాడు. మన దేశంలో అలాంటి పెట్టె మొదట దిగింది 1973లో, కొచ్చిలో. రేవులో పెట్టెలు దిగితే సరిపోదు, వాటిని లోపలి ఊళ్లకు చేర్చాలి. అందుకోసం రైల్వే దేశంలోనే మొదటి లోతట్టు కంటైనర్ డిపోను 1981 ఆగస్టులో బెంగళూరులో పెట్టింది. ఈ మాట మన ఊళ్లోనే చాలామందికి తెలియదు. రేవు లేని ఊరికి రేవు పని ఇవ్వడం అన్న ప్రయోగం ఇక్కడ జరిగాకే మిగతా చోట్లకు పోయింది. 1988 నాటికి అలాంటి డిపోలు ఏడయ్యాయి. చెన్నైలో కంటైనర్ల కోసమే ప్రత్యేక టెర్మినల్ 1983లో తెరిచారు కాబట్టి, ఈ చివరా ఆ చివరా రెండేళ్ల తేడాలో సిద్ధమయ్యాయి.

1988 మార్చిలో కేంద్రం కంటైనర్ కార్పొరేషన్‌ను స్థాపించింది. వాడుకలో కాంకర్. 1989 నవంబరులో అది ఆ ఏడు డిపోలనూ రైల్వే చేతి నుంచి తీసుకుని పని మొదలుపెట్టింది. తర్వాత బెంగళూరు పెట్టెల వ్యవహారమంతా వైట్‌ఫీల్డ్‌లో స్థిరపడింది. అప్పటికి వైట్‌ఫీల్డ్ అంటే ఊరి బయట. 1882లో మైసూరు మహారాజు ఆంగ్లో ఇండియన్ల సంఘానికి ఇచ్చిన 3,900 ఎకరాల్లో వెలసిన వలస గ్రామం, చుట్టూ తోటలూ రాగి చేలూ. డిపోకు కావలసింది చదునైన నేల, రైలు, లారీలు తిరగడానికి చోటు. మూడూ అక్కడ దొరికాయి.

పని జరిగే తీరు ఇది. ఎగుమతిదారు తన సరుకును డిపోకు తెస్తాడు, లేదా ఖాళీ పెట్టెను ఫ్యాక్టరీకి తీసుకుపోయి అక్కడే నింపుతాడు. క్లియరింగ్ ఏజెంటు షిప్పింగ్ బిల్లు వేస్తాడు. కస్టమ్స్ వాళ్లు చూసి సీలు వేస్తారు. రీచ్ స్టాకర్ అనే పెద్ద చేతి యంత్రం పెట్టెను ఎత్తి వ్యాగన్ మీద పెడుతుంది. పాత వ్యాగన్లు గంటకు 75 కిలోమీటర్లకు మించి పోయేవి కావు. 1990ల మధ్యలో వచ్చిన తక్కువ ఎత్తు వ్యాగన్లు 100 దాకా పోతాయి. ఒక బండికి అలాంటివి 45. ఒక్కో దాని మీద 20 అడుగుల పెట్టెలు రెండు, అంటే బండికి 90 పెట్టెలు. ఇదే పనికి రోడ్డు మీద ఎన్ని ట్రైలర్లు కావాలో పాత మద్రాసు రోడ్డులో వెళ్లేవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఏం పోతుంది? రెడీమేడ్ దుస్తులు, యంత్ర భాగాలు, కాఫీ, పట్టు, నల్ల గ్రానైటు. వీటితోపాటు సీసాల్లోనూ పీపాల్లోనూ ఉప్పునీళ్లలో ఊరబెట్టిన గెర్కిన్ దోసకాయలు. మన దగ్గర ఎవరూ తినని ఈ చిట్టి దోసకాయను కోలారు, చిత్తూరు, అనంతపురం వైపు రైతులు కంపెనీలతో ఒప్పందం మీద పండిస్తారు. అది రష్యాలోనూ యూరపులోనూ భోజనంలోకి పోతుంది. ఏం వస్తుంది? యంత్రాలు, ఎలక్ట్రానిక్ విడిభాగాలు, రసాయనాలు, పాత కాగితం. వచ్చే పెట్టెలూ పోయే పెట్టెలూ లెక్కకు సమానం కావు, కొలతలూ కలవవు. 40 అడుగులవి ఒకవైపు ఎక్కువ, 20 అడుగులవి ఇంకోవైపు. కాబట్టి ఖాళీ పెట్టెలను మోయక తప్పదు. ఖాళీ పెట్టెకు సరుకు యజమాని ఉండడు గానీ ఖర్చు మాత్రం ఉంటుంది, దాన్ని నిండిన పెట్టె మీదే రాబట్టుకోవాలి.

లారీ ఎందుకు గెలుస్తోంది

రైలు చవక అని మనమంతా అనుకుంటాం. దూరం 700, 1,000 కిలోమీటర్లు ఉంటే ఆ మాట నిజమే. 340కి మాత్రం లెక్క తిరగబడుతుంది. ఫ్యాక్టరీ నుంచి డిపోకు ఒకసారి లారీ, డిపోలో ఎత్తడం దించడం, రేవులో మళ్లీ ఎత్తడం దించడం. ఈ చిల్లర ఖర్చులు దూరంతో పాటు తగ్గవు. దాని మీద బండి నిండేదాకా ఆగాలి. బయల్దేరాక ప్రయాణికుల బళ్లకు దారి ఇస్తూ లూపు లైన్లలో నిలబడాలి. ట్రైలరైతే సాయంత్రం పీణ్యలో నింపుకుని మర్నాటికి రేవు గేటు దగ్గర ఉంటుంది. ఓడ వెళ్లిపోతుందన్న భయం ఉన్న ఎగుమతిదారు ఏది ఎంచుకుంటాడో ఊహించడం కష్టం కాదు.

రోడ్డు కూడా ఏటేటా మెరుగవుతోంది. చెన్నై రోడ్డు స్వర్ణ చతుర్భుజిలో నాలుగు వరసలైంది. హోస్కోటె దగ్గర మొదలై చిత్తూరు జిల్లా మీదుగా శ్రీపెరుంబుదూరు చేరే 262 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వేకు 2022 మేలో శంకుస్థాపన జరిగింది. హోస్కోటె అంటే డిపోకు పక్క ఊరే. అది పూర్తయితే లారీకి ఇంకొన్ని గంటలు కలిసొస్తాయి, రైలుకు కొత్తగా కలిసొచ్చేదేమీ ఉండదు. 2006లో కేంద్రం కంటైనర్ బళ్లు నడిపేందుకు ప్రైవేటు సంస్థలకూ అనుమతి ఇచ్చి కాంకర్ గుత్తాధిపత్యాన్ని తీసేసింది. దాంతో రైలు కంపెనీల మధ్య పోటీ వచ్చింది గానీ, దగ్గరి దూరపు లెక్క మారలేదు.

రోడ్డును పూర్తిగా కాదనకుండా లారీలనే రైలెక్కించే ప్రయత్నమూ జరిగింది. 2020 ఆగస్టు 30న నెలమంగల నుంచి షోలాపూరు దగ్గరి బాలెకు 682 కిలోమీటర్లు రోరో బండి బయల్దేరింది. నిండు లారీలు డ్రైవర్లతో సహా వ్యాగన్ల మీదే పోతాయి. దారి ధర్మవరం, గుంతకల్లు, రాయచూరు మీదుగా. దూరం రెట్టింపు ఉంది కాబట్టి అక్కడ రైలుకు వాదన ఉంది. చెన్నైకి అలాంటిది ఎందుకు రాలేదో పై లెక్కే చెబుతుంది.

అన్నీ పెట్టెలు కావు

వైట్‌ఫీల్డ్ పక్కనే గూడ్సు టెర్మినల్ ఉంది. అక్కడికి సిమెంటు, ఉక్కు, ధాన్యం వస్తాయి. ఆహార సంస్థ గోదాములకు ఆంధ్ర, తెలంగాణల బియ్యం మూసిన వ్యాగన్లలో చేరుతుంది. మన రేషను బియ్యం సంచి వెనక ఆ లైను ఉందని తలుచుకునేవాళ్లు తక్కువ. పక్క స్టేషను దేవనగొంది చమురు డిపోల ఊరు. 2003లో మంగళూరు నుంచి హాసన్ మీదుగా 362 కిలోమీటర్ల గొట్టపు మార్గం దేవనగొంది దాకా వచ్చింది, తర్వాత చెన్నై వైపు నుంచి ఇంకొకటి వచ్చింది. అలా రైలు సరుకును లారీయే కాదు, భూమి కింది గొట్టం కూడా తీసుకుపోయింది. దీని గురించి మాత్రం ఎవరూ ఫిర్యాదు చేయరు, చేయనక్కర్లేదు కూడా. పెట్రోలు గొట్టంలో పోవడమే మంచిది.

రేవు దగ్గర జరిగే ఒక నిర్ణయం పట్టాలను ఎలా ఖాళీ చేస్తుందో ఇనుప ఖనిజం చూపించింది. బళ్లారి, హోసపేట ఖనిజం గుంతకల్లు, రేణిగుంట మీదుగా చెన్నై రేవుకు ఏళ్ల తరబడి పోయేది. 2010 జూలైలో కర్ణాటక ప్రభుత్వం ఎగుమతిని నిలిపింది. 2011లో బళ్లారి తవ్వకాలను సుప్రీంకోర్టు ఆపింది. అదే ఏడు చెన్నై రేవులో బొగ్గు, ఖనిజం వంటి దుమ్ము సరుకు వద్దని మద్రాసు హైకోర్టు చెప్పింది. రాయపురం చుట్టుపక్కల జనం ఊపిరి గురించి వచ్చిన తీర్పు అది. ఆ సరుకు చెన్నై రేవుకు దూరమయ్యాక అక్కడ మిగిలిన పెద్ద సరుకు కంటైనర్లే.

ఇప్పుడున్న చిక్కు

ఒకప్పుడు ఊరి బయట అని ఎంచుకున్న చోటు ఇప్పుడు ఊరి మధ్య. 2023 మార్చి 26న కృష్ణరాజపురం నుంచి కాడుగోడికి మెట్రో వచ్చాక సరే సరి. పగటిపూట పెద్ద లారీలకు ఊళ్లో ఆంక్షలు ఉన్నాయి కాబట్టి అవి రోడ్డు పక్కన కాచుకుని ఉంటాయి. చుట్టూ అపార్టుమెంట్లలో ఉండేవాళ్లకు అవి తలనొప్పి. డ్రైవర్లకు నీళ్లూ నిద్రా లేని నిరీక్షణ. ఇద్దరి బాధా నిజమే. అయితే ఆ లారీల వల్ల డిపోనే తీసేయమనడం వెనక ఒక పొరపాటు ఉంది. ఆ పెట్టెలు మాయం కావు. రైలెక్కేవి కూడా రోడ్డెక్కుతాయి, ఒక బండికి 90 లెక్కన.

భూమి సంగతి ఇంకా గట్టిది. రైల్వే స్థలాలకు కాంకర్ పూర్వం పెట్టెకు ఇంత అని కట్టేది. 2020 ఏప్రిల్ నుంచి దాన్ని భూమి విలువలో 6 శాతంగా, ఏటా 7 శాతం పెరుగుదలతో మార్చారు. వైట్‌ఫీల్డ్ లాంటి చోట అంటే ఏమిటో స్థలం కొనాలని తిరిగిన ఎవరికైనా అర్థమవుతుంది. పట్టణం ఎంత పెరిగితే డిపోకు అద్దె అంత పెరుగుతుంది, పెట్టెలు పెరిగినా తరిగినా సరే. 2022 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం కొత్త విధానంలో దాన్ని 1.5 శాతానికి, 35 ఏళ్ల గడువుకు దించింది. కానీ ఇప్పటికే ఉన్నవాళ్లు అందులోకి మారాలంటే పోటీ వేలంలో నెగ్గాలి. కాంకర్‌లో 30.8 శాతం వాటా అమ్మాలని 2019 నవంబరులోనే మంత్రివర్గం నిర్ణయించింది గనక, ఈ అద్దె లెక్క కొనేవాళ్లకూ ముఖ్యమే.

ఊరికి ఉత్తరాన దొడ్డబళ్లాపుర తాలూకాలో, ముద్దేలింగనహళ్లి దగ్గర రైలూ రోడ్డూ కలిసే పెద్ద లాజిస్టిక్స్ పార్కుకు పథకం వేశారు. పీణ్య, దాబస్‌పేట, తుమకూరు ఫ్యాక్టరీలకు అది దగ్గర. తూర్పున ఉన్న మాలూరు, నరసాపుర, హోస్కోటె వాళ్లకు వైట్‌ఫీల్డే దగ్గర. ఒకటి వస్తే రెండోది పోవాలన్న నియమం లేదు గానీ, కొత్తది తెరిచిన రోజున పాత దాని విలువైన నేల మీద కన్ను పడకుండా ఉండదు. డిపో గేటు బయట క్లియరింగ్ ఆఫీసులు, ట్రైలర్ల యజమానులు, లాషింగు పనివాళ్లు, టీ కొట్లు ఉన్నాయి. వాటిలో మనవాళ్లవీ ఉన్నాయి. కొత్త చోటుకు పెట్టెలు రైల్లో పోతాయి, వీళ్లు మాత్రం ఊరి ఆ చివర నుంచి ఈ చివరకు తామే దారి వెతుక్కోవాలి.