ఆడుబిడ్డ పేరు

నేడు ఏ యింట ఆడుబిడ్డ పుట్టినను నామకరణమునకు ముందొక చిన్న వివాదము తప్పదు. నాయనమ్మ పేరు పెట్టవలెనని పెద్దలందురు. ఆ పేరు మోటుగా నున్నదని తల్లి యనును. తుదకు రాజీ కుదిరి, బియ్యములో వ్రాయుట కొక పాత పేరును, బడిలో వ్రాయించుట కొక క్రొత్త పేరును నిలుచును. పాత యేదియో క్రొత్త యేదియో నిర్ణయించుటకు మన చెవి యొక్కటియే చాలునా? చాలదని మా యభిప్రాయము.

‘సిరి’ యను పేరునే చూతము. ఇప్పటి తలిదండ్రులు దీనిని మిక్కిలి నవీనమైనదిగా నెంచి, పొట్టిదై నోటికి తేలికగా నున్నదని మురియుచున్నారు. క్రీస్తుశకము మూడవ శతాబ్దమున కృష్ణాతీరమందలి విజయపురి నేలిన ఇక్ష్వాకుల యింట ఈ మాటతో ముగియు పేళ్లు కుప్పలుగా నున్నవి. నాగార్జునకొండ శాసనములలో చాంతమూల మహారాజు సోదరి చాంతిసిరి. మరియొక సోదరి హమ్మసిరి. ఆమె కూతుండ్రు బాపిసిరి, ఛఠిసిరి. రాజు కూతురు అడవి చాంతిసిరి, మనుమరాలు కొదబలిసిరి. రాజవంశమునకు చెందని బోధిసిరి యను ఉపాసిక యొకతె చైత్యగృహము కట్టించి, తన పుట్టింటివారిని, మెట్టినింటివారిని వరుసగా పేర్కొని ఆ పుణ్యములో పాలిచ్చినది. అంతకు ముందే నాసిక గుహలో శాసనము వేయించిన గౌతమీ బలశ్రీ ప్రాకృతమున బలసిరియే. సంస్కృతపు శ్రీశబ్దము ప్రాకృతపు నోట సిరి యైనది. ఆ లెక్కను నేటి పసిపాప సిరి పేరు పదునేడు వందల యేండ్లు దాటిన పేరు. ఆమె నాయనమ్మ సుబ్బలక్ష్మి పేరే దానికంటె క్రొత్తది కావచ్చును!

వేయి సంవత్సరములు గడచి కాకతీయుల కాలము వచ్చునప్పటికి రాజకుటుంబపు స్త్రీల పేళ్ల చివర ‘సిరి’ పోయి ‘అమ’, ‘అంబ’ నిలిచినవి. బయ్యారము చెరువు శాసనము వేయించిన గణపతిదేవుని సోదరి తెలుగున మైలమ. సంస్కృత శ్లోకమున మైలాంబ. రుద్రమదేవి మాట వేరు. సింహాసన మెక్కిన యామెను శాసనములు రుద్రదేవ మహారాజని పురుషనామముతో కీర్తించినవి. ఏలుటకు ఆడుపేరు చాలదని నాటి లోకము తలచెను గాబోలు. పదునైదవ శతాబ్దమున ‘సుభద్రాకల్యాణము’ రచించిన తాళ్లపాక తిమ్మక్క పేరు ‘అక్క’తో ముగిసినది. తిరుమల శబ్దమే వాడుకలో తిమ్మ యైనది. కావున పేరు నడుమనున్న దేవత ముసలిదగుట లేదు, తోకయే ముసలిదగుచున్నది. సిరి, లచ్చమ్మ, లక్ష్మీకాంతమ్మ, శ్రీలక్ష్మి — అన్నిటను ఒక్క దేవతయే.

అయితే తోక యన్నది వట్టి చెవికింపు వ్యవహారము కాదు. ‘అమ్మ’ యనునది గౌరవ వాచకము. ఆ గౌరవము అందరికిని దక్కలేదు. కామందుల లోగిళ్లలో పనిచేయు స్త్రీ ఇంటివద్ద లక్ష్మమ్మయే యైనను లోగిలిలో లచ్చి, గంగమ్మ గంగి, పోలమ్మ పోలి. నేటి నాగరికులు తమ బిడ్డల పేళ్లనుండి ‘అమ్మ’ను ఇచ్ఛాపూర్వకముగా కోసివేయుచున్నారు, వారికది శోభ. నాడు అదే కోత అవమానము. కావున ఊరిలో ఒక వృద్ధురాలు తనను ‘అమ్మ’తో కూడిన నిండుపేరున పిలువుమని పట్టుపట్టినచో నవ్వకుందుము గాక.

మోటుపేళ్లని మనము నవ్వు వానిలో మరికొన్నిటి పుట్టుక దుఃఖమునుండి కలిగినది. వరుసగా బిడ్డలు పోయిన తల్లి, మరల పుట్టిన శిశువును పెంటకుప్పపై పొరలించి పెంటమ్మ యనెను. ఎంగిలి విస్తరిలో దొర్లించి పుల్లమ్మ యనెను. నీచమైన పేరు విని మృత్యువు తలద్రిప్పుకొని పోవునని యామె యాశ. దర్గాకు మ్రొక్కి కన్న బిడ్డకు హిందువుల యింటనే మస్తానమ్మ యని పేరు పెట్టిరి. ఈ పేళ్లు తగ్గుటకు కారణము అభిరుచి యొక్కటియే కాదు. టీకాలును, మంత్రసానిచేతికి బదులు వచ్చిన ఆసుపత్రులును అని మేము తలంచుచున్నాము.

ఇక పేరు ఆడుదాని సొత్తై యుండెనా? అత్తగారి పేరు కోడలు పలుకరాదు. కావున నాయనమ్మ పేరు పెట్టిన బిడ్డను కన్నతల్లియే ఆ పేర పిలువలేక ‘అమ్మాయీ’, ‘బుజ్జీ’ యని సరిపెట్టుకొనెను. పుట్టింటి పేరు మెట్టినింట మారుటయు కలదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారి ధర్మపత్ని పుట్టింట బాపమ్మ, అత్తింట రాజ్యలక్ష్మి. లోకమామెను ఆ రెండవ పేరుననే యెరుగును. 1874లో జన్మించి, ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రచించిన బండారు అచ్చమాంబగారి పేరు నేటి చెవికి ముత్తవ్వ పేరువలె దోచును. కాని ఆ పేరుగల యామె వ్రాతలు నేటికిని క్రొత్తగానే యున్నవి.

తరువాతి తరము పేళ్లకు దేశచరిత్రయే దారిచూపినది. 1879లో హైదరాబాదున వంగదేశీయుల యింట పుట్టిన సరోజిని 1925లో కాంగ్రెసు నధ్యక్షించినది. ఆ కాలపు తెలుగిండ్ల సరోజినులలో కొందరికైనను ఆమెయే పేరింటి పెద్ద యని మా యూహ. 1931లో నల్లగొండ ప్రాంతమున పుట్టిన యొక బాలికకు గాంధీగారి యుద్యమముపై గౌరవముతో స్వరాజ్య మని పేరిడిరి. ఆమెయే తెలంగాణ సాయుధ పోరాటమున తుపాకి పట్టిన మల్లు స్వరాజ్యము. ఇట్టి పేరు ముద్రగ్రుద్దిన నాణెము వంటిది. సంవత్సరము దానిపైననే యుండును. నేటి హాసినులును అనన్యలును తాము ఏ కాలపువారో దాచుకొందు మనుకొనిన, వారి మనుమరాండ్రు ఊరకుందురా?

పొరుగున మహారాష్ట్రమున మరియొక విధమైన పేరున్నది. మగబిడ్డను గోరినవారు ఆడుబిడ్డ పుట్టగా ‘నకూశా’ యని పిలిచెడివారు. ‘అక్కరలేనిది’ అని దాని యర్థము. 2011 అక్టోబరున సతారా జిల్లాలో ప్రభుత్వోద్యోగులు సభ చేసి అట్టి పేళ్లుగల 285 మంది బాలికలకు క్రొత్త పేళ్లు వ్రాసి పత్రము లిచ్చిరి. బాలికలలో కొందరు దేవతల పేళ్లను, కొందరు సినిమా తారల పేళ్లను తామే యేరుకొనిరి.