స్వరలిపియు సాహిత్యమును: రెండు పాటల భాండారములు

ఇటలీ దేశమందలి మిలాను నగరమున 1808లో జొవాన్ని రికోర్ది స్థాపించిన సంగీత ముద్రణసంస్థ, స్వరకర్తల మూలప్రతులను తనయొద్దనే భద్రపరచుకొనెను. వెర్ది రచించిన సంగీతనాటకములు 28 అని లెక్క. వానిలో 23 నాటకముల స్వహస్తప్రతులు ఆ భాండారమున గలవు. అది నేడు ఆ నగరపు బ్రైదెన్సె గ్రంథాలయమున నున్నది. ఆ ప్రతిని చేతబట్టిన గాయకునకు ఏ అక్షరమును ఏ స్వరమున, ఎంత కాలము పలుకవలయునో తెలియుచున్నది. అట్టిది తెలుగువారికి కలదా యన్నది ఇచట మేము విచారింపదలచిన విషయము.

మొదట స్మరింపవలసినవి తిరుమలలోని తాళ్లపాకవారి రాగిరేకులు. అన్నమాచార్యుని (1408-1503) సంకీర్తనలను ఆయన వంశీయులు 16వ శతాబ్దమున రేకుల కెక్కించి ఆలయమున నిలిపిరి. 20వ శతాబ్దమున అవి పండితుల దృష్టికి వచ్చి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ప్రభృతుల పరిష్కరణమున అచ్చుపడినవి. రేకులలో పాటకు రాగనామము కలదు గాని స్వరము లేదు. కావున సాహిత్యము దక్కినది, వరుస దక్కలేదు. రాళ్లపల్లివారు పెక్కు సంకీర్తనలకు కూర్చిన స్వరములు ఉత్తమములే. ఐనను అవి రాళ్లపల్లివారి సృష్టి. అన్నమయ్య పాడిన మట్టునకు ప్రమాణములు కావు.

రెండవది 1904లో తమిళదేశపు ఎట్టయపురమున తెలుగు లిపిలో అచ్చయిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’. దీని కర్త సుబ్బరామ దీక్షితులు (1839-1906). ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడగు బాలుస్వామి దీక్షితులకు దౌహిత్రుడు, దత్తపుత్రుడు. మన కృతులను పాశ్చాత్య స్వరలిపిలో ప్రకటింప బూనిన చిన్నస్వామి మొదలియారి ప్రోద్బలము ఈ గ్రంథమునకు ముఖ్యకారణము. ఇందు సాహిత్యమునకు తోడు స్వరము, తాళము, గమకసంకేతములును గలవు.

ఐనను మిలాను ప్రతులకును దీనికిని భేదము కలదు. అచట వ్రాత ముందు, గానము తరువాత. ఇచట గురుముఖమున వచ్చిన గానము ముందు, వ్రాత తరువాత. కనుక ‘ప్రదర్శిని’ కర్త స్వహస్తలేఖనము గాదు; ఒక శిష్యపరంపర నిలుపుకొనిన పాఠము. ఈ వివేకము గోల్పోయినచో, లభించిన ప్రతి స్వరమును వాగ్గేయకారునకే అంటగట్టుదుము.

ఇది సంగీతజ్ఞులకు మాత్రమే చెందిన విషయము గాదు. పదవిచ్ఛేదము, యతిప్రాసల స్థానము, పల్లవి తిరిగి అందుకొను తావు తాళముననే తేటపడును. కావున పదసాహిత్యమును పరిష్కరించువారు రాగతాళనామములను విడువక, స్వరము ఎవరి పాఠమో, ఏ కాలమునాటిదో పాట వెంటనే తెలుపుట అవశ్యకర్తవ్యమని మా నిశ్చయము.