లేడిని గొట్టు ములికి

భారతములోని పాండురాజు శాపకథ నెరుగనివారు మనలో నుండరు. క్రీడించుచున్న లేళ్లజంటను అతడు బాణములతో గొట్టగా, లేడిరూపున నున్న కిందముడను ముని చచ్చుచు శపించెను. ఆ కథలో మమ్ము ఆకర్షించునది శాపము కాదు, దానికి ముందు నడచిన వాదము. మృగములను జంపుట రాజులకు చెల్లును గదా యని పాండుడనెను. చంపినందులకు గాదు, చంపిన తీరునకు నిన్ను నిందించుచున్నానని ముని బదులు చెప్పెను. విల్లు పట్టి లేడివేటకు బోవువాడు ఏ ములికి నెన్నుకొనవలెనను ప్రశ్న యీ తీరునకు సంబంధించినదే. కావున ఇది వేటగాండ్ర గొడవ, మనకేల యని త్రోసివేయుటకు వీలులేదు.

మన పూర్వులు త్రోసివేయలేదు. పదునాల్గవ శతాబ్దినాటి శార్ఙ్గధరపద్ధతిలో ధనుర్వేదమునకు జేరిన భాగము పది విధముల ములుకులను బేర్కొనుచున్నది. కవచమునకు సూచీముఖము, శిరస్సునకు అర్ధచంద్రము, హృదయమునకు భల్లము. ఎంత బలముగ గొట్టవలెనని గాక, దేనిని దేనితో గొట్టవలెనని వారు విచారించిరి. అంతకంటె ముఖ్యమైన మాట మనుస్మృతి ఏడవ అధ్యాయములో నున్నది. విషము బూసిన బాణమును, నిప్పు రగిలించిన బాణమును, కర్ణిబాణమును యుద్ధములో వాడరాదని యచట శాసనము. కర్ణి యనగా చెవులవంటి వెనుకముండ్లు గలది. అది లోనికి బోవును గాని వెలికి రాదు. లాగినకొలది మాంసమును జీల్చును. ఆ శ్లోకములోని దయ శత్రువైన మనుష్యునకే గాని మృగమునకు జెప్పబడలేదు. నేడు అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రపు వేటనిబంధనలు మాత్రము వెనుకముండ్ల ములికితో లేడిని గొట్టరాదనుచున్నవి.

ఆ దేశమున విలువేట మరల తలయెత్తిన కథ విచిత్రమైనది. 1911 ఆగస్టులో కాలిఫోర్నియాలోని ఓరవిల్ పట్టణము చెంత ఆకలితో కృశించిన యొక మనుష్యుడు కనబడెను. బంగారమునకై వచ్చిన తెల్లవారి తుపాకులకు బలియైన యాహీ జాతిలో మిగిలినవాడు అతడొక్కడే. తన పేరు తాను జెప్పుకొనుట వారి యాచారము గాదు. అందుచే వాని భాషలో మనుష్యుడని యర్థమిచ్చు ‘ఇషీ’ యను మాటయే వానికి బేరయ్యెను. శాన్ ఫ్రాన్సిస్కోలోని విశ్వవిద్యాలయ ప్రదర్శనశాలలో నతడు నివసించుచుండగా, ఆ విశ్వవిద్యాలయపు శస్త్రవైద్యుడు సాక్స్టన్ పోప్ వైద్యము చేయవచ్చి శిష్యుడయ్యెను. తన జాతిని దుడిచిపెట్టినవారి సంతతికి విల్లు నేర్పి, ఇషీ 1916లో క్షయరోగముతో మరణించెను.

అతడు అగ్నిపర్వతముల నల్లని గాజురాతిని, పగిలిన సీసాల గాజును చెక్కి ములుకులు చేసెడివాడు. పోప్ ఒక పెట్టెను జంతువు కాలేయముతో నింపి, లేడితోలు గప్పి, రాతి ములికిని, ఉక్కు ములికిని దానిపై ప్రయోగించి చూచెను. రాతి ములికియే యెక్కువ లోతునకు బోయినది! 1923లో వెలువడిన ‘హంటింగ్ విత్ ది బో అండ్ యారో’ యను తన గ్రంథములో ఈ పరీక్షను వర్ణించెను. నాగరకుల మనుకొనువారికి ఇది కొంత చురుకు పెట్టవలసిన ఫలితము.

దీని భావమేమనగా, తుపాకిగుండు దెబ్బతో జంపును. బాణము కోతతో జంపును. పదునైన వాదర తెంచిన రక్తనాళము త్వరగా మూసికొనదు. మొద్దువాదర నాళమును ప్రక్కకు నెట్టును, లేక చింపును. చినిగినచోట రక్తము త్వరగా గడ్డకట్టును. ఊపిరితిత్తులలో చక్కగ దిగిన బాణముతో లేడి కొన్ని క్షణములలోనే కూలును. మొద్దు ములికి తగిలినది పొదలలో బడి గంటలు, ఒక్కొక్కప్పుడు దినములు, వేదన పడును.

విస్కాన్సిన్ రాష్ట్రము 1934లో విలువేటకే ప్రత్యేకముగ ఒక ఋతువు నేర్పరచినది. పిమ్మట ములుకుల వర్తకము పెరిగినది. 1956లో ఫ్రెడ్ బేర్ అమ్మకమునకు దెచ్చిన రేజర్‌హెడ్ రెండు రెక్కల నడుమ పలుచని అడ్డురెక్కను జొనుపుకొనునది. గడచిన శతాబ్ది చివరి దశకములలో తగిలినప్పుడు విచ్చుకొను ములుకులు వ్యాపించెను. ఇవి గాలిలో సూటిగ బోవును, వెడల్పుగ కోయును. కాని విచ్చుకొనుటకే బాణవేగములో కొంత ఖర్చగును, కీలు మొరాయించిన కోత చెడును. బలమైన వింటివాడు ఈ నష్టము నోర్చుకొనగలడు. తేలికవింటివాడు కదలని రెక్కల ములికిని, అందును రెండు రెక్కలదానిని, గొనుట మేలని మా యభిప్రాయము. మూడు రెక్కలది గాయమును విప్పియుంచి నెత్తుటిజాడ నెక్కువగ నిచ్చును గాని, లోతునకు బోవుటకు బలము గోరును. సామాన్యముగ వాడు తూకము 100 లేక 125 గ్రెయిన్లు. మన పాత తులము 180 గ్రెయిన్లు గనుక, అరతులము దాటిన యీ యినుపముక్కపై ఒక ప్రాణి చావు సుఖదుఃఖములు ఆధారపడియున్నవి.

మన దేశమున 1972 నాటి చట్టము వన్యమృగముల వేటను నిషేధించినది. ఇది చదివి ఎవరును విల్లు దీయవలదు. చట్టమొప్పు దేశములలోని వేటగానికి మాత్రము ఒక శ్రమ తప్పదు. కదలని రెక్కలు గాలిని బట్టి బాణమును ప్రక్కకు ద్రిప్పును. కావున వేటకు దీసికొనిపోవు ములికితోనే అభ్యాసము చేయవలెను. బాణమును కొనపై నిలిపి త్రిప్పి, వణకు గలదేమో చూడవలెను. అభ్యాసములో మొద్దువారినదానిని సాన పట్టక అమ్ములపొదిలో బెట్టరాదు. వాదరను బొటనవ్రేలి గోటిపై మెల్లగ నానించిన పట్టుకొనవలెను. జారినచో మరల సానకే పోవలెను.