ఎదురెదురు కాఫీశాలలు

కాలువలే వీధులైన వెనిస్ నగరానికి వెళ్ళిన యాత్రికులు సెయింట్ మార్క్ కూడలిలోని రెండు కాఫీశాలలను మక్కువతో దర్శిస్తారు. 1720లో ఫ్లోరియానో ఫ్రాంచెస్కోని తెరిచిన ఫ్లోరియన్ ఒకటి. దానికి ఎదురుగా, 1775 నాటి క్వాద్రి మరొకటి. 1815 నుండి నగరం ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్న కాలాన ఆ దేశపు సైనికాధికారులు క్వాద్రిలో కూర్చునేవారు. స్వాతంత్ర్యకాములైన పౌరులు ఫ్లోరియన్‌లో చేరేవారు. ఎక్కడ కాఫీ త్రాగితే అదే మనిషి పక్షాన్ని చాటేది. 1848లో దానియేలె మానిన్ నాయకత్వాన వెలసిన గణరాజ్యం మరుసటి ఏడాది ఆగస్టులో లొంగిపోయింది. 1866లో ఇటలీలో కలిసేదాకా పరపాలన తప్పలేదు.

ఆయుధం పట్టలేనివాడు సైతం పాలకుని సరసన కూర్చోనని అనగలడు. చరిత్రకారులు యుద్ధాలనే లెక్కిస్తారు గాని, నా దృష్టిలో ఇదీ ధిక్కారమే.