ఫెర్మా తప్పిన చోట

429 కోట్ల 49 లక్షల 67 వేల 297. ముప్ఫై రెండు రెండ్లను గుణించి ఒకటి కలిపితే వచ్చే సంఖ్య ఇది. సంఖ్యా సిద్ధాంతంలో ఇంత మేలు చేసిన పొరపాటు మరొకటి నాకు తెలియదు.

తులూజ్ న్యాయస్థానంలో ఉద్యోగం చేస్తూ, తీరిక దొరికితే గణితంలో మునిగే ఫెర్మా 1640లో ఒక వరుస పట్టుకున్నాడు: 3, 5, 17, 257, 65,537. రెండుకు 1, 2, 4, 8, 16 ఘాతాలు వేసి ఒకటి కలిపితే వచ్చేవి. అయిదూ ప్రధాన సంఖ్యలే. ఇక ముందు వచ్చేవన్నీ ప్రధానాలేనని మిత్రులకు రాశాడు. నిరూపణ చేతికి చిక్కలేదనీ దాచకుండా చెప్పాడు. ఆరోదే మన సంఖ్య.

1729 డిసెంబరులో గోల్డ్‌బాక్ ఈ మాటను సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ఆయిలర్ చెవిన వేశాడు. 1732లో, పాతికేళ్ల వయసులో, ఆయిలర్ తేల్చేశాడు: ఇది 641 × 67,00,417. ఎలా పట్టాడో తర్వాత వివరించాడు. దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, 64తో భాగిస్తే ఒకటి మిగలాలి. అలాంటి ప్రధానాలు వరుసగా 193, 257, 449, 577, 641. అయిదో భాగహారానికే కోట పడిపోయింది! 1878లో లూకా ఆ 64ను 128కి బిగించాడు. అప్పుడిక 257 తర్వాత నేరుగా 641.

అసలు భాగహారమే అక్కర్లేని దారి కూడా ఉంది. 641 అంటే 5×128+1, 625+16 కూడా. కాబట్టి 5×128ని 641తో భాగిస్తే శేషం −1 అనుకోవచ్చు. నాలుగో ఘాతం వేస్తే 625 × 2²⁸కి శేషం 1. ఆ 625 స్థానంలో −16 ఉంచండి. −2³²కి శేషం 1, అంటే 2³²+1కి శేషం సున్నా. ఎన్నిసార్లు చేసినా నాకు తనివి తీరని లెక్క ఇది.

ఫెర్మా చేతిలో ఆయుధం లేదా అంటే ఉంది. అదే 1640లో, ఇలాంటి తర్కంతోనే, 2³⁷−1ని 223 భాగిస్తుందని కనిపెట్టినవాడు ఆయనే. ఇక్కడ ఆ అయిదు భాగహారాలు ఎవరూ పూర్తిచేయకుండానే 92 ఏళ్లు గడిచాయి.

ఆ వరుసకు అసలు విలువ 1796లో తెలిసింది. పద్దెనిమిదేళ్ల గౌస్, కొలబద్ద, వృత్తలేఖినితోనే 17 భుజాల క్రమ బహుభుజి గీయవచ్చని చూపాడు. భుజాల సంఖ్య బేసి అయితే, అది ఫెర్మా ప్రధానమో (అంటే ఆ వరుసలోని ప్రధాన సంఖ్యో), వేర్వేరు ఫెర్మా ప్రధానాల లబ్ధమో కావాలి. మరో దారి లేదని 1837లో వాంట్‌జెల్ నిరూపించాడు. తెలిసిన ఆ అయిదింటినీ గుణిస్తే 429 కోట్ల 49 లక్షల 67 వేల 295. మన సంఖ్యకు సరిగ్గా రెండు తక్కువ! అలా గీయగల బేసి భుజాల బహుభుజుల్లో మనకు తెలిసినంతలో ఇదే పెద్దది. 641 అడ్డుపడకపోతే ఆ జాబితా అక్కడ ఆగేది కాదు.

1880లో లాండ్రీ, 82 ఏళ్ల వయసులో, ఫెర్మా వరుసలో తర్వాతి సంఖ్యనూ విడగొట్టాడు. ఆరో ఫెర్మా ప్రధానం ఇప్పటికీ దొరకలేదు. రెండుకు 2³² ఘాతం వేసి ఒకటి కలిపిన సంఖ్య వరకు, ఆ వరుసలో 65,537 దాటినవేవీ ప్రధానాలు కావని రుజువైంది. దాని తర్వాతిది, 258 కోట్లకు పైగా అంకెలున్నది, ఇంకా తేలలేదు.